చెయ్యి దించని పిల్ల

నా చెవుల గురించి నేను గొప్పలు చెప్పుకోని రోజు లేదు. ఆదోనిలో మైకు సెట్టు అద్దెకిచ్చి బతికేవాడికి చెవులకు మించిన ఆస్తి ఏముంటుంది చెప్పండి. మా నాయన రేడియోలు బాగుచేసేవాడు. నేను ఆంప్లిఫయర్ల మధ్యనే పెరిగాను. పెళ్ళిళ్ళు, ఉరుసులు, పార్టీ మీటింగులు అన్నీ చేశాను గానీ, నా ప్రాణమంతా నాటకాల మీదే. మా పక్క పల్లెల్లో ఇప్పటికీ పద్యనాటకాలు ఆడతారు. పగలంతా చేలో పని చేసినవాడు పొద్దుగూకేసరికి కిరీటం పెట్టుకుని రాజైపోతాడు. ఆ రాజు రాగం తీస్తున్నప్పుడు మైకు కుయ్యిమందా, ఇంక అంతే. జనం రాజును వదిలేసి మైకువాడి మీద పడతారు. "ఏం సాయిబూ, నిద్రపోతాండావా?" అని ఎవడో ఒకడు అరుస్తాడు. ముప్పై ఏళ్ళలో నేను ఆ మాట పడ్డ సందర్భాలు చాలా తక్కువ. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

ఎమ్మిగనూరులో ఒక డ్రాయింగు మాస్టారు ఉన్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నాటకాల పిచ్చిలో మాత్రం నాకు అన్న. పల్లె నాటకాలకు లైట్లు పెట్టేది అతనే. ఒకసారి వేసవి సెలవులు మొదలయ్యే ముందు మా అంగడికొచ్చి, "భాయ్, మే నెలలో మా బడిలో పిల్లలకు నాటకం లైట్లు, సౌండు నేర్పిద్దాం. ఇరవై దినాలు. కడాకు పిల్లోళ్ళే అంతా చేసి ఒక నాటకం వేస్తారు. లైట్లు నేను చూస్తా, సౌండు నువ్వు చూడు" అన్నాడు.

"మే నెల ఎండల్లో పిల్లోళ్ళతో వైర్లు చుట్టిస్తావా? వాళ్ళ అమ్మలు మనల్ని చీపిరికట్టతో కొడతారు" అన్నాను.

"నువ్వు రాకపోతే నా ఫోన్లో పాటలు పెట్టి ఇదే సౌండు అని చెప్తా" అన్నాడు. ఆ దెబ్బకు ఒప్పుకున్నాను. నా బలహీనత అతనికి తెలుసు.

పద్నాలుగు మంది వచ్చారు. పదో తరగతి రాసినవాళ్ళు, ఇంటర్ మొదటి ఏడాది ముగించినవాళ్ళు. అందరికీ లైట్లే కావాలి. ఎర్ర కాగితం, నీలం కాగితం ఫోకస్ లైటుకు అడ్డం పెట్టి, ఒకరి మొహం మీద ఒకరు వేసుకుని నవ్వుకోవడం ఎవరికి చేదు? సౌండు వైపు ఐదుగురే మిగిలారు. వాళ్ళను చూసి నాకు మొదటి రోజే కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. మా ఆవిడ అంటుంది, "నీ కోపం ముక్కు మీద గాదు, మీసం మీదుంటాది, గాలొచ్చినా కదుల్తాది" అని.

ఆ ఐదుగురిలో గోనెగండ్ల పిల్ల ఒకతె. రోజూ బస్సులో వచ్చేది. అమ్మానాయన కూలి పనులకు పోతారు. చలికాలంలో ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అదే వలస కూలికి, పోతారు. ఈ పిల్ల మాత్రం అవ్వ దగ్గర ఉండి చదువుకుంటుంది. మాస్టారే ఈ పిల్ల నాయన్ను బతిమాలి ఇరవై రోజులు పంపించమన్నాడట. "పనికి పోతే నాలుగు మెతుకులు, ఈ మైకుల పని నేర్చుకుంటే ఏమొస్తాది?" అన్నాడట ఆయన. చివరికి, "పోనీలే, దాని ముచ్చట" అని పంపించాడు. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు. మాట చాలా తక్కువ. కానీ చెప్పిందంటే చెప్పిందే, కాస్త చక్కెర కూడా కలపదు.

రెండో రోజు పిల్లలను ఊళ్ళోకి పంపాను. "పోయి వినండి. విన్నది రాసుకుని రండి. చూసింది రాసినారంటే వీపు పగుల్తాది" అన్నాను. ఎమ్మిగనూరులో ఏ సందుకు పోయినా మగ్గం వినపడుతుంది. అందరూ 'టకటక' అని రాసుకొచ్చారు. ఈ పిల్ల మాత్రం, ముందు చెక్క దెబ్బ, దాని వెనక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె పరిగెత్తే చప్పుడు, ఆ వెనక దారం రాసుకునే సన్న చప్పుడు, నీళ్ళు ఇంకినట్టు, అని మూడు వరుసలు రాసింది.

"దారం చప్పుడు యాడుందమ్మా? నేను నలభై ఏండ్లుగా మగ్గాలు వింటాండాను. ఊహించుకోని రాయొద్దు" అన్నాను.

"ఊహించుకోలేదు సార్" అంది. నేను ఆ మూడో వరుసను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఇప్పుడు ఆ గీత గుర్తొస్తే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఐదో రోజు చెవి పరీక్ష పెట్టాను. నా ఫోన్లో ఒక యాప్ ఉంది. బర్రె అరుపంత లావు శబ్దంతో మొదలై, మెల్లమెల్లగా సన్నబడుతూ, చివరికి మనిషి చెవికి అందనంత సన్నగా అయిపోతుంది. దాన్ని స్పీకరుకు తగిలించి, "అందరూ చెయ్యెత్తండి. వినపడటం ఆగిపోయినప్పుడు దించండి. మన చెవి యాడ దాకా పోతాదో తెలుసుకుందాం" అన్నాను. మాస్టారు ఆ రోజు బల్బుల కోసం కర్నూలు పోయాడు. గదిలో నేనూ పిల్లలూ మాత్రమే.

శబ్దం మొదలైంది. లావుగా, తర్వాత మధ్యగా, తర్వాత ఈలలాగా. ఆ ఈల సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. పిల్లల వైపు చూశాను. పద్నాలుగు చేతులూ గాల్లోనే ఉన్నాయి. ఒక్కటి కూడా దిగలేదు.

నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ముందే మాట్లాడుకున్నారనుకున్నాను. లైట్ల వైపు కూర్చున్న ఇద్దరు మగపిల్లలు మొహం చిట్లించి నవ్వుకుంటున్నారు కూడా.  "ఏంది నాటకాలాడతాండారా? శబ్దం ఎప్పుడో ఆగిపోయినాది. ఇంకా చేతులెత్తుకోని కూర్చున్నారు. ఎవరికి వినపడతాంది? సెప్పండి!" అని బల్ల మీద కొట్టాను.

చేతులు గబగబా దిగాయి. ఒక్కటి దిగలేదు. గోనెగండ్ల పిల్లది.

"నీకు వినపడతాందా?"

"వినపడతాంది సార్."

"ఏం వినపడతాంది?"

"సన్నగా, సూది మాదిరి. ఇంకా పోతానే ఉండాది సార్."

"అబద్ధాలు చెప్పేటోళ్ళకు నా దగ్గర పని లేదు. సౌండు పనిలో మొదటి లెక్క నిజం. పో, ఇంటికి పో" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. చెయ్యి దించలేదు కూడా. కొంచెంసేపు నన్నే చూసింది. స్పీకరు వైపు చూసింది. తర్వాత, "ఇప్పుడు ఆగిపోయినాది సార్" అని చెప్పి, అప్పుడు చెయ్యి దించి, సంచి తీసుకుని పోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు గదా. మిగతా పిల్లలకు నిజాయితీ మీద అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను.

సాయంత్రం ఆదోనికి వచ్చి, ఇంట్లో కూర్చుని టీ తాగుతూ ఆ ఫోన్ మళ్ళీ తీశాను. నా మాటే నిజమని నాకు నేను రుజువు చేసుకోవాలని. శబ్దం పెట్టాను. సన్నబడింది, ఆగింది. చూశావా, అనుకుని ఫోన్ను అలాగే బల్ల మీద వదిలేసి టీ తాగుతున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది, చేతిలో అట్లకాడతో.

"అజీ, ఆ కూత ఆపుతావా లేదా? పుర్రెలో మేకు కొట్టినట్టుండాది."

"ఏ కూత?"

"నీ ఫోన్ది."

"అది ఎప్పుడో ఆగిపోయింది."

ఆవిడ ఫోన్ తీసుకుని చూసి, దాన్ని ఆపింది. "ఇప్పుడు ఆగింది" అంది. అచ్చం ఆ పిల్ల అన్నట్టే. నేను కప్పు కింద పెట్టాను.

ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు వినండి. "రెండేండ్లుగా నీకు వాకిలి బెల్లు వినపడదు. పిట్ట మాదిరి కీచుమంటాది గదా, నువ్వు లేవవు. సోమరితనం అనుకుంటి. నేను గొణిగితే పలకవు. పొగరు అనుకుంటి. చెవిటోని ముందర శంఖం ఊదినట్టు ఇన్ని దినాలు ఊదినానా నేను?" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆపేసింది. పక్కన కూర్చుని, "అంతా పోలేదులే, సన్నవి మాత్రమే గదా" అంది.

సన్నవి మాత్రమే. ఆవిడకెలా తెలుస్తుంది? సౌండు పనిలో ప్రాణం అక్కడే ఉంటుంది. మైకు కుయ్యిమనబోయే ముందు సన్నగా ఒక దారం లేస్తుంది. దాన్ని పట్టుకున్నవాడే పనివాడు. నాకు అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండు మూడేళ్ళుగా పద్యంలో మాట స్పష్టంగా లేదని సన్న శబ్దాలను పెంచే ట్రెబుల్ నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ పోతున్నాను. పల్లెల్లో జనం "చెవులు గుయ్యిమంటాండాయి భాయ్" అంటే, కొత్త హార్న్ స్పీకర్లు మంచివి కావని కంపెనీవాడిని తిట్టాను. తప్పు హార్న్లది కాదు. నాకు వినపడేదాకా పెంచి, ఊరందరి చెవుల్లో సూదులు గుచ్చాను. తర్వాత ఆదోనిలోనే డాక్టరు దగ్గరికి పోతే, హార్న్ల పక్కన అన్నేళ్ళు కూర్చుంటే అంతే, పోయినవి తిరిగి రావు అని చెప్పాడు. ఆ రోజు మాత్రం డాక్టరు గుర్తుకు రాలేదు. ఆ పిల్ల ఎత్తిన చెయ్యి ఒక్కటే కళ్ళ ముందు ఉంది. నిజం చెప్పినందుకు అబద్ధాలకోరని తరిమాను.

పొద్దున్నే గోనెగండ్లకు పోయాను. ఇంట్లో అవ్వ ఒకతే ఉంది. "అందరూ ఉపాధి పనికి పోయినారు నాయనా, చెరువు కాడికి" అంది. ఎండ అప్పుడే కాలుతోంది. చెరువులో మట్టి తవ్వుతున్నారు. ఆ పిల్ల తలకు తువ్వాలు చుట్టుకుని మట్టి తట్ట మోస్తోంది. నన్ను చూసి తట్ట దించింది. వాళ్ళ నాయన పార పక్కన పెట్టి వచ్చాడు.

"ఏమన్నా, మా పాప మళ్ళా ఏమన్నా చేసినాదా? అబద్ధాలు సెప్తాదని తరిమినావంట గదా. ఇంటికొచ్చినాక నేనూ అడిగితి, అబద్ధం సెప్పినావా లేదా అని. సెప్పలేదంటాది. సార్ ఎందుకు ఉత్తపుణ్యానికి అంటాడు, అని నాలుగు తగిలించినా" అన్నాడు.

ఆ నాలుగూ నాకు తగలాల్సినవి. అయినా నా నోరు చూడండి, అప్పుడు కూడా నిజం చెప్పలేదు. గోనెగండ్లలో నేను నాటకాలకు మైకు పెడతాను. పక్క ఊళ్ళల్లో పెడతాను. మైకు సాయిబుకు చెవులు పోయాయని ఒక్క నోట పడితే, తెల్లారేసరికి పది ఊళ్ళు తిరుగుతుంది. అందుకని, "స్పీకర్లో ఏందో రిపేరుండాదప్పా. నాకు తెలీలేదు. పాపది తప్పేం లేదు, మళ్ళా పంపించు" అన్నాను.

"స్పీకర్ బాగుండాది సార్" అంది ఆ పిల్ల.

వాళ్ళ నాయనకు కోపం వచ్చింది. "చూసినావా అన్నా? పెద్దాయన ఇంత దూరం వచ్చి నీ తప్పు లేదంటాంటే, మళ్ళా ఎదురు మాట్లాడతాంది. దీని నోరే ఇట్లాంటిది" అని చెయ్యెత్తాడు.

అప్పుడు నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ వేయలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "స్పీకర్ బాగానే ఉండాదప్పా. బాగలేనివి నా చెవులు. సన్న శబ్దాలు నాకు వినపడవు. పాపకు వినపడింది. నిజం సెప్పింది. నేనే తరిమినాను" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మైకు పెట్టేటోనికి చెవుడా?" అని ఒక్కసారి నవ్వబోయి, నా మొహం చూసి తమాయించుకున్నాడు. ఆ తర్వాత కూతురి వైపు తిరిగాడు.  తట్టలో మట్టి తనే మోసి పారేసి వచ్చాడు. అదే ఆయన క్షమాపణ అనుకుంటాను.

"ఈ మాట ఎవరికీ సెప్పొద్దండప్పా. నా బతుకు దీని మీదే ఉండాది" అన్నాను.

"మాకెందుకులేన్నా" అన్నాడు ఆయన. పిల్ల మాత్రం ఆలోచించింది. "ఎవరూ అడక్కపోతే సెప్పను సార్" అంది.

"అడిగితే?"

ఆ పిల్ల చేతుల మట్టి దులుపుకుని, "రేపు ఎన్ని గంటలకు రావల్ల సార్?" అని అడిగింది.

మరునాడు పిల్లలందరి ముందు, "మొన్న ఈ పాప సెప్పిందే నిజం. నేను తప్పు పట్టినాను" అని మాత్రం అన్నాను. మిగతా పదమూడు మందినీ వినపడి కూడా చేతులెందుకు దించార్రా అని తిట్టాలని నాలుక దురద పెట్టింది. తిడితే నా గుట్టు బయటపడుతుంది. ఆ తిట్టు మింగాల్సి వచ్చింది. నాలాంటివాడికి తిట్టు మింగడమంటే ఎంత కష్టమో మీకు తెలీదు.

అప్పటి నుంచి ఆ పిల్ల, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ దగ్గర నా పక్కనే కూర్చునేది. చేతిలో ఒక పెన్సిలు. సన్న కూత లేవబోతుంటే బల్ల మీద ఒకసారి తట్టేది. ట్రెబుల్ ఎక్కువైతే రెండుసార్లు. ఆ తట్టడం నాకు బాగానే వినపడేది. నేను తగ్గించేవాడిని. బదులుగా నాకు తెలిసినదంతా ఆ పిల్లకు పోశాను. మైకు మొహం స్పీకరుకు ఎదురుగా పెట్టొద్దు, అవి అత్తాకోడళ్ళ లాంటివి, ఎదురెదురుగా ఉంటే అరుపులే అన్నాను. పద్యం పాడేవాడు రాగం ఎత్తేముందు ఒక అడుగు వెనక్కి వేస్తాడు, గొంతు వినొద్దు, కాలు చూడు అన్నాను. జనం వన్స్ మోర్ అంటారని ముందే తెలుస్తుంది, ముందు వరసలో ముసలాయన తువ్వాలు భుజం మార్చుకుంటే చాలు అన్నాను. అన్నీ బుర్రలో పెట్టుకుంది. వారం తిరిగేసరికి పెన్సిలు తట్టడం మానేసి, తనే చెయ్యి చాచి నాబ్ తిప్పసాగింది. మొదటిసారి నాకు చురుక్కుమంది. రెండోసారి నేనే కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాను.

నాటకం మాస్టారు రాసిందే. జొన్నగిరి వైపు తొలకరి వాన పడగానే జనం చేలల్లో రాళ్ళు వెతుకుతారు గదా, వజ్రం దొరుకుతుందేమోనని. అలా వాన కోసం కాచుకున్న ఒక కుటుంబం కథ. నడుమ ఒక పద్యం ఉంది, దాన్ని మా పల్లె నాటకాల్లో రాజు వేషం కట్టే ఒకాయన వచ్చి పాడతానన్నాడు. లైట్ల పిల్లలు అద్దం ముక్కతో వజ్రపు మెరుపు తెప్పించే పనిలో పడ్డారు. మా వంతుకు వాన చప్పుడు వచ్చింది. ఫోన్లో వాన చప్పుళ్ళు బోలెడున్నాయి, కానీ అవి మా వాన కాదు. మా నేల మీద తొలకరి ఎలా మొదలవుతుందో మాకే తెలుసు. చేటలో గింజలు పోసి మైకు ముందు మెల్లగా వంచి చూశాం. నేను జొన్నలు బాగున్నాయన్నాను.

"జొన్నలు వడగండ్లు సార్. తొలకరికి కొర్రలే" అంది పిల్ల.

కొర్రలు వంచితే నాకు చేట కనపడుతోంది, చెయ్యి కనపడుతోంది, చప్పుడు లేదు. "సరే, నీ ఇష్టం" అన్నాను. నా నోటి వెంట ఆ మాట వచ్చిందని మా ఆవిడకు చెబితే నమ్మలేదు.

నాటకం రోజు బడి ఆవరణలో పొద్దుగూకేసరికి జనం నిండారు. అమ్మానాయనలు, మగ్గాల వాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నాటకాల వాళ్ళు. గాలి మంచాన పడ్డట్టు కదలడం లేదు. రాజు పద్యం ఎత్తుకున్నాడు. నేను అలవాటుగా ఆయన కాలే చూస్తున్నాను. పక్కన పిల్ల కూడా అదే చూస్తోంది. ఆయన అడుగు వెనక్కి వేశాడు, ఈ పిల్ల వేలు కదిలింది, రాగం ఆకాశానికి లేచింది. ఎక్కడా కుయ్యిమనలేదు. వన్స్ మోర్ అని కేకలు. రెండోసారి కూడా అంతే చక్కగా పాడాడు.

తర్వాత వాన. స్టేజీ మీద అమ్మ వేషం వేసిన పిల్ల ఆకాశం చూస్తూ నిలబడింది. లైట్లు నీలంగా దిగాయి. మా పిల్ల చేటను ఒడిలో పెట్టుకుని మైకు ముందు కొర్రలు మెల్లగా వంచింది. నాకు ఏమీ వినపడలేదు. చాలాసేపు ఏమీ వినపడలేదు. మైకు చచ్చిపోయింది అనుకుని చెయ్యి ముందుకు చాచాను. ఆ పిల్ల కళ్ళు తిప్పకుండానే అరచెయ్యి అడ్డం పెట్టి, "ఉండండి సార్" అంది.

జనం వైపు చూశాను. ముందు వరసలో ఒక ముసలామె పైటకొంగు తల మీదికి లాక్కుంది. ఆమె పక్కన ఒకాయన మొహమెత్తి ఆకాశం చూశాడు. వెనక ఇంకొకరు అరచెయ్యి చాచారు. నాకు అర్థమైంది. వాన పడుతోంది. ఊరంతటికీ వినపడుతోంది, నాకు తప్ప. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఏ నీళ్ళో నన్నడగొద్దు.

నాటకం ముగిసింది. చప్పట్లు, ఫోటోలు, లైట్ల పిల్లల కేరింతలు. మాస్టారు అందరికీ లడ్లు పంచుతున్నాడు. సి.బెళగల్ వైపు ఒక పల్లె నాటకాల పెద్ద మా మిక్సర్ దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళుగా వాళ్ళ ఊరి నాటకానికి నేనే మైకు పెడుతున్నాను. చేతిలో ఆకూ వక్కా ఉన్నాయి. మా వైపు నాటకానికి మైకు ఒప్పుకోవడమంటే అదే. ఆ ఆకు చేతిలో పడితే, ఇంకెవరు ఎంతిస్తామన్నా ఆ రోజు మరో ఊరికి పోకూడదు.

"భాయ్, వచ్చే జాతరకు నాటకం పెట్టినాం" అన్నాడు. ఆ వెంటనే పిల్ల వైపు తిరిగాడు. "ఏం పాపా, పోయినేడు మా ఊళ్ళో ఇదే సాయిబు మైకుకు మా చెవులు చిల్లులు పడినాయి. ఈ పొద్దు ఇంత మెత్తగా యాడ్నుంచి వచ్చినాది? నిజం సెప్పు, మీ సారేనా ఇది చేసింది?"

నవ్వుతూనే అడిగాడు. చుట్టూ పది మంది ఉన్నారు, వాళ్ళల్లో ఆ పిల్ల నాయన కూడా ఉన్నాడు. ఆ పిల్ల నోరు తెరిచింది. మూసింది. నన్ను చూసింది. ఎవరూ అడక్కపోతే చెప్పనంది, ఇప్పుడు అడిగారు. ఈ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. ఆ రోజు గదిలో బల్ల గుద్ది అరిచినా రాలేదు. ఇప్పుడు నా కోసం నేర్చుకోవాలా అని వెతుక్కుంటోంది ఆ మొహం. ఆ వెతుకులాట చూడటం నావల్ల కాలేదు.

"పాపను అడగొద్దన్నా, నన్నడుగు" అన్నాను. "నాకు సన్న శబ్దాలు వినపడవు. రెండు మూడేండ్లాయె. పోయినేడు మీ చెవులకు చిల్లులు పొడిచింది నేనే. ఈ పొద్దు మైకు పట్టింది ఈ పాప. నేను పక్కన కూర్చున్నా, అంతే."

 లడ్లు పంచుతున్న మాస్టారు ఆగిపోయాడు. అతనికీ ఇప్పుడే తెలిసింది. నాటకాల పెద్ద నన్ను చూశాడు, పిల్లను చూశాడు, ఆకుల మీది తడిని బొటనవేలితో తుడిచాడు.

"అయితే ఈ పాపకే ఇస్తా" అన్నాడు. "వాళ్ళ నాయనను తోడు తెచ్చుకోమను. నువ్వూ రా భాయ్, మిషన్లు నీవే గదా."

పిల్ల చేతులు చాచలేదు. నా వైపే చూస్తోంది.

"తీసుకో తల్లీ. రెండు చేతుల్తో పట్టుకోవల్ల" అన్నాను.

వాళ్ళ నాయన గబగబా ముందుకొచ్చి, కూతురి చేతులకు అంటిన కొర్రల దుమ్మును తన తువ్వాలుతో తుడిచాడు. ఆ పిల్ల రెండు చేతులూ చాచి ఆకూ వక్కా తీసుకుంది. అప్పుడు చూసుకున్నాను, నా కుడిచెయ్యి కూడా చాచే ఉంది. పాతికేళ్ళ అలవాటు, నాకు తెలీకుండానే ముందుకు పోయింది. ఎవరూ చూడక ముందే వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. బాధేసింది, లేదని ఎందుకు చెప్పాలి. సంతోషం కూడా వేసింది, కానీ అది బస్సులో సగం దారి వచ్చాక.